సీత కష్టాలు సీతవి, థేమ్స్ పీత కష్టాలు మనవి

లండన్లో మనవాళ్ళు నలుగురు కూడిన చోట రాజకీయాలయ్యాక తిండి మాట రాక తప్పదు. తిండి మాటొస్తే గోదావరి జిల్లాల వాళ్ళు పీతల పులుసు దగ్గరికి, తెలంగాణ వాళ్ళు ఎండ్రకాయల కూర దగ్గరికి రాక తప్పదు. అక్కణ్ణించి ఎవరో ఒకరు అడుగుతారు: "థేమ్స్ నదిలో చైనా పీతలు తెగ పెరిగాయట కదా, ప్రభుత్వానికే అవి అక్కర్లేదట కదా, పట్టుకుని పులుసు పెట్టుకుంటే తప్పేంటి?"

ప్రశ్న సరదాగా అడిగినదే కావచ్చు. జవాబు మాత్రం సరదాగా ఇవ్వడానికి వీల్లేదు. ఆహార భద్రత పేరుతో ఈ దేశం వేటిని కొలుస్తుంది, వేటిని వదిలేస్తుంది, ఎవరి వంటింటిని దృష్టిలో పెట్టుకుని కొలుస్తుంది అన్న సంగతి ఆ జవాబులో బయటపడుతుంది. ముందే చెప్పేస్తాను: పీతలో పోషకం ఉంది, అందులో అనుమానం లేదు. కానీ చట్టం కొలిచేది పీత కాలు. మనం ఇష్టంగా తినేది డొప్పలో గుజ్జు, తాగేది పులుసు. పేచీ అంతా అక్కడే.

ఇంతకీ ఎవరీ పీత?

ఇంగ్లీషు వాళ్ళు దీన్ని మిటెన్ క్రాబ్ అంటారు. పెద్ద కాళ్ళ రెండింటికీ ఉన్ని చేతి తొడుగులు వేసినట్టు నూగు ఉంటుంది. శాస్త్రనామం ఎరియోకెయిర్ సైనెన్సిస్. చైనాలో దీనికున్న గౌరవం మన దగ్గర పులసకున్నంత. శరదృతువులో ఆవిరి మీద ఉడికించి, అల్లం కలిపిన వెనిగర్‌లో ముంచుకుని తింటారు. అక్కడ ఏటా ఏడు లక్షల టన్నులకు పైగా చెరువుల్లో, సరస్సుల్లో పెంచుతున్నారు.

యూరప్‌లో ఇది మొదటిసారి కనిపించింది 1912లో, జర్మనీలోని ఆలర్ నదిలో. బ్రిటన్‌లో మొదటిసారి దొరికింది 1935లో, చెల్సీలోని లాట్స్ రోడ్ విద్యుత్ కేంద్రం దగ్గర. ఓడలు బరువు కోసం అడుగున నింపుకునే నీటిలో వీటి పిల్లలు వచ్చాయన్నది శాస్త్రజ్ఞుల సాధారణ అభిప్రాయం. ఈ తేదీలు గుర్తుపెట్టుకోవడం మంచిది. ఇలాంటి జీవుల గురించి వార్త వచ్చినప్పుడల్లా "ఆసియా వాళ్ళు తెచ్చిపెట్టిన బెడద" అనే ధ్వని వినపడుతుంది. 1912 నాటికి, 1935 నాటికి ఈ నదుల ఒడ్డున ఆసియా వలసదారులు ఎందరున్నారో చరిత్ర చదివిన వాళ్ళకి తెలుసు. తెచ్చింది ఓడల వ్యాపారం. అయితే మన ఆసియా వాళ్ళ తప్పేమీ లేదని కూడా అనలేం. కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో 1992లో ఈ పీత దొరికినప్పుడు, ఓడల నీటితో పాటు, తినడానికి ఎవరో కావాలనే వదిలి ఉండొచ్చన్న అనుమానాన్ని కూడా పరిశోధకులు రాశారు. అమెరికాలో బతికున్న మిటెన్ పీతల దిగుమతి 1989 నుంచీ నిషేధం. అయినా అధికారులు దాదాపు 15,000 బతికున్న పీతలను పట్టుకున్నట్టు 2020లో ప్రకటించారు. రుచి కోసం మనిషి ఎంత దూరమైనా వెళతాడు!

ఈ పీత చేసే నష్టం మన రైతు బిడ్డలకి విడమరచి చెప్పనక్కర్లేదు. పొలం గట్టుకి ఎండ్రకాయ బొరియ పెడితే నీరు ఎలా జారిపోతుందో, గట్టు ఎలా తెగుతుందో చూసిన వాళ్ళమే. ఇక్కడ నదుల ఒడ్డులకి అదే గతి పడుతోంది. పైగా ఈ నదుల్లో ఉండే స్థానిక క్రేఫిష్‌ను చంపే ప్లేగు వ్యాధికారక జీవిని ఇది మోసుకు తిరుగుతుంది. ఒక్కో ఆడ పీత లక్షల్లో గుడ్లు పెడుతుంది. అందుకే 2016లో యూరోపియన్ యూనియన్ తయారు చేసిన మొట్టమొదటి దురాక్రమణ జీవుల జాబితాలోని 37 పేర్లలో దీని పేరూ ఉంది. బ్రిటన్‌లో 2019 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా వీటిని బతికుండగా ఉంచుకోవడం, తరలించడం, అమ్మడం, నీళ్ళలోకి వదలడం నేరం. సంచీలో వేసుకుని ట్రైనెక్కి ఇంటికి తెచ్చుకుందామనుకునే వాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

పోషకం మాట

పీత మాంసం మంచి ఆహారమే. ఉడికిన వంద గ్రాముల తెల్ల మాంసంలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు ఒక గ్రాము అటూ ఇటూ. కేలరీలు వంద లోపే. బి12 విటమిన్, జింక్, సెలీనియం దండిగా ఉంటాయి. మనవాళ్ళలో శాకాహారం వల్లనో, మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ వల్లనో బి12 తగ్గిన వాళ్ళు ఎందరో. రెండో రకం వాళ్ళకి ఇది పనికొచ్చే తిండి, మొదటి రకం వాళ్ళు ఎలాగూ ముట్టరు! మన పల్లెల్లో జలుబు చేస్తే ఎండ్రకాయల రసం తాగించడం వెనక వైద్యం సంగతేమో గానీ, వేడి, మిరియాలు, మాంసకృత్తులు ఒక్క గిన్నెలో దొరికేవన్నది నిజం.

డొప్పలో ఉండే గోధుమరంగు గుజ్జు సంగతి వేరు. అది పీతకి కాలేయం, జీర్ణగ్రంథి కలిసిన అవయవం. అందులో కొవ్వు ఎక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ, దానితో పాటు ఒమేగా-3 కొవ్వులూ ఎక్కువే. రుచంతా అక్కడే ఉంటుంది. మిటెన్ పీత ఒళ్ళు చిన్నది, కాళ్ళలో మాంసం తక్కువ. చైనా వాళ్ళు దాన్ని తినేదే ఆ గుజ్జు కోసం, గుడ్డు కోసం. మనం గుడ్డు పీతని ఏరి కొనడం, డొప్ప చప్పరించడం ఇందుకే. గుండె జబ్బులు, గౌట్ ఉన్న వాళ్ళు ఈ భాగం దగ్గర ఆచితూచి ఉండాలన్నది డాక్టరు మిత్రులకి తెలియని విషయం కాదు.

మూడు ప్రమాదాలు, మూడు రకాల జవాబులు

మొదటిది పురుగు. పారగోనిమస్ అనే ఊపిరితిత్తుల పురుగు మంచినీటి పీతల్లో ఉంటుంది. పచ్చిగా, సగం కాల్చి, లేదా సారాయిలో నానబెట్టి తింటే మనిషి ఊపిరితిత్తులకి చేరుతుంది. రక్తంతో దగ్గు వస్తుంది, క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగిస్తారు. ఇది చైనా ముచ్చటే కాదు. మన దేశంలోనే మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఈ జబ్బు ఉంది. పురుగు జీవితచక్రం నడవాలంటే కొన్ని జాతుల నత్తలు తప్పనిసరి. థేమ్స్‌లో ఆ నత్తలు లేవు కాబట్టి ఇక్కడ పుట్టి పెరిగిన పీతలో దీని భయం తక్కువ. దొంగదారిన దిగుమతైన పీతకి ఆ హామీ లేదు. బాగా ఉడికిస్తే పురుగు చస్తుంది. పచ్చి పీతను కోసిన కత్తి, చెక్క, చేయి కడగకుండా మరో పదార్థం ముట్టుకోకపోవడం అంతే ముఖ్యం. మన పులుసు గంట సేపు కుతకుతలాడుతుంది కాబట్టి ఈ విషయంలో మన వంటే గెలిచింది.

రెండోది సూక్ష్మక్రిములు. పీత చచ్చాక చాలా త్వరగా పాడవుతుంది. అందుకే ఏ దేశంలోనైనా తెలిసిన వంటవాడు బతికున్న పీతే అడుగుతాడు. ఇక్కడ చట్టమేమో బతికున్న దాన్ని కదిలించొద్దంటుంది. రెండింటికీ కారణాలు సరైనవే, రెండూ కలిసి తినేవాణ్ణి ఇరకాటంలో పెడతాయి. దారి ఒక్కటే: అనుమతి ఉన్న వేటగాడు ఒడ్డునే చంపి, వెంటనే మంచులో పెట్టడమో ఉడికించడమో చేయాలి. ఇది లైసెన్సు, తనిఖీ, చల్లని గిడ్డంగి ఉన్న వ్యాపారం చేయగల పని. శనివారం సాయంత్రం బకెట్ పట్టుకుని వెళ్ళే మనిషి చేయగల పని కాదు. లండన్ మురుగు వరదను మళ్ళించే టైడ్‌వే సొరంగం 2025లో పూర్తిగా వాడకంలోకి వచ్చింది, నదికి అది మేలే. అయితే మురుగు క్రిముల్ని వంట చంపగలదు. మూడో ప్రమాదాన్ని వంట ఏమీ చేయలేదు.

మూడోది రసాయనాలు. డయాక్సిన్లు, పీసీబీలు, కాడ్మియం. పీసీబీల కొత్త వాడకం ఈ దేశంలో 1980లలోనే ఆగింది. కానీ ఒకప్పటి ఫ్యాక్టరీల పాపం నది అడుగున బురదలో ఇంకా కూర్చునే ఉంది. మిటెన్ పీత ఆ బురదలోనే కొన్నేళ్ళు తిరిగి, అక్కడ దొరికిన ప్రతిదీ తిని, సముద్రం వైపు దిగి, గుడ్లు పెట్టి చస్తుంది. డయాక్సిన్లు, పీసీబీలు కొవ్వులో పేరుకుంటాయి. పీతలో కొవ్వు ఎక్కడుందో పైన చెప్పాను. కాడ్మియం కూడా ఆ గుజ్జులోనే చేరుతుంది. ఎంత ఉడికించినా ఇవి పోవు. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2011లో కలుషితమైన పెద్ద నదుల్లో ఈల్ చేపలతో పాటు మిటెన్ పీతల వేటను ఆపేసింది, కారణం ఈ డయాక్సినే. 2016లో హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం జియాంగ్సు రాష్ట్రపు చెరువుల నుంచి వచ్చిన పీతల్లో డయాక్సిన్ హద్దు దాటిందని వాటి అమ్మకం ఆపించింది. థేమ్స్ పీతల సంగతి చూడలేదా అంటే, చూశారు. తినడం ద్వారా వీటిని అదుపు చేయవచ్చా అన్న ప్రశ్న వేసుకుని, డయాక్సిన్, పీసీబీల కొలతలతో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రవేత్తలు, వారి సహచరులు 2009లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. అంటే ప్రశ్న కొత్తది కాదు, దాని మీద విధానం మాత్రం ఇప్పటికీ సగం దారిలోనే ఉంది.

కొలత ఎవరి కోసం?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. యూరప్ నిబంధనల్లో పీతలకి డయాక్సిన్ పరిమితి ఉంది: డయాక్సిన్ లాంటి పీసీబీలతో కలిపి గ్రాముకి 6.5 పికోగ్రాములు. కాడ్మియానికి కిలోకి 0.5 మిల్లీగ్రాములు. బ్రిటన్ బయటికొచ్చినప్పుడు ఈ నిబంధనలను వెంట తెచ్చుకుంది. ఇవి వర్తించేది పీత కాళ్ళలోని తెల్ల మాంసానికే. గోధుమరంగు గుజ్జుకి వర్తించవని అందులోనే రాసి ఉంది! పరిమితి తెల్ల మాంసానికి పెట్టి, విషం చేరే భాగాన్ని పరిమితి బయట ఉంచారు.

ఎందుకలా? యూరప్ అంతటా సగటు మనిషి గుజ్జు తక్కువ తింటాడు, అలవాట్లు దేశానికొకటి కాబట్టి సలహా చాలు అన్నది అధికారుల వాదన. ఆ సలహా కూడా ఉంది. 2011లో యూరోపియన్ కమిషన్ పీత గుజ్జులో కాడ్మియం గురించి సమాచార పత్రం ఇచ్చింది. మన ఎన్‌హెచ్‌ఎస్ కూడా తెల్ల పీత మాంసానికి హద్దు అక్కర్లేదనీ, గోధుమరంగు మాంసంలో మాత్రం నూనె చేపల్లో ఉన్నంత కాలుష్యం ఉండొచ్చనీ చెబుతుంది. అయితే ఆ సలహా రాసింది సముద్రపు పీతను ఉడికించి, డొప్ప తీసి, రొట్టె మీద పెట్టుకుని తినే మనిషిని ఊహించుకుని. చింతపండు పులుసులో డొప్పతో సహా పీతను చితక్కొట్టి వేసి మరిగించే ఇల్లు ఆ ఊహలో లేదు.

న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. తమ నీళ్ళలోని పీతల గుజ్జు తినొద్దనీ, పీతలు ఉడికించిన నీళ్ళు కూడా పారబోయమనీ ప్రజలకి చెబుతుంది. గుజ్జులోని కాలుష్యం ఆ నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి. ఇప్పుడు మన వంట తలచుకోండి. ఉడికించిన నీళ్ళు పారబోస్తే మిగిలేది పులుసు కాదు, పీత పెంకులు. మనకి ఆ నీళ్ళే కూర. బెంగాలీలకీ, మలయాళీలకీ, చైనా వాళ్ళకీ అంతే. కాళ్ళను దంచి రసం తీసే వాళ్ళైతే చెప్పనక్కర్లేదు.

లెక్క కూడా చూద్దాం. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో డయాక్సిన్ల సురక్షిత మోతాదును ఏడు రెట్లు తగ్గించి, శరీర బరువులో కిలోకి వారానికి 2 పికోగ్రాములు అంది. 70 కిలోల మనిషికి వారానికి 140. గ్రాముకి 6.5 ఉన్న, అంటే చట్టం ఒప్పుకునే అంచున ఉన్న మాంసం 21 గ్రాములు తింటే ఆ వారం కోటా అయిపోయినట్టే. బ్రిటన్ నిపుణుల కమిటీ 2001లో పెట్టుకున్న హద్దు రోజుకి కిలోకి 2 పికోగ్రాములు, అంటే వారానికి 14. యూరప్ కొత్త లెక్కతో ఏకీభవించడం లేదనీ, తామే సమీక్షిస్తామనీ ఆ కమిటీ 2021లో చెప్పింది. శాస్త్రజ్ఞుల మధ్య తేడా ఉండడం తప్పు కాదు. కానీ ఛానల్‌కి అటూ ఇటూ ఏడు రెట్ల తేడా ఉన్నప్పుడు, గుజ్జు తినే వాడికి ఎవరో ఒకరు నిక్కచ్చిగా చెప్పాలి కదా.

ఒక జాగ్రత్త. ఒక్కసారి గుజ్జు తిన్నంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. ఈ విషాలు ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకునేవి. నిజంగా జాగ్రత్త పడాల్సింది పిల్లలు, గర్భిణులు, ముందు ముందు పిల్లల్ని కనబోయే అమ్మాయిలు. పులుసు ఎక్కువ పోసి బలమని తినిపించేది కూడా వాళ్ళకే!

"తినేసి తగ్గిద్దాం" అనే వాళ్ళకి

దురాక్రమణ జీవులను తినేసి వదిలించుకుందామనే నినాదం పత్రికల్లో బాగా చెల్లుతుంది. బెర్లిన్ నగరం 2018లో పార్కుల్లోకి చేరిన ఎర్ర క్రేఫిష్‌ను పట్టి హోటళ్ళకి అమ్మేందుకు ఒక వేటగాడికి అనుమతిచ్చింది. చెడ్డ ఆలోచనేమీ కాదు. వ్యర్థంగా పోయే మాంసకృత్తులు ఎవరి కంచంలోకైనా చేరడం మంచిదే. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, మార్కెట్ పుడితే ఆ జీవి ఉండడం వల్ల లాభపడే వాళ్ళు పుడతారు. లాభం వచ్చే దాన్ని ఎవరూ పూర్తిగా పోనివ్వరు, పైగా లేని నదిలో కూడా వదులుతారు. రెండు, శరదృతువులో ఈ పీతలు సముద్రం వైపు దిగే వేళకే ఈల్ చేపలూ దిగుతాయి. అంతరించే అంచున ఉన్న ఆ చేప కూడా అవే గొట్టం వలల్లో పడుతుంది. ఇందుకు వేరే దారి లేకపోలేదు. 2023లో లింకన్‌షైర్‌లోని పోడ్ హోల్ దగ్గర మిటెన్ పీతల కోసమే ఒక ఉచ్చు పెట్టారు. నది అడుగున నడిచే పీత మాత్రం పడేలాంటి ఉచ్చులు పెరిగితే, పట్టిన పీతను ఏం చేయాలన్న ప్రశ్న రేపోమాపో వస్తుంది. అప్పుడు "ఆసియా వాళ్ళు తింటారుగా, వాళ్ళకి అమ్మేద్దాం" అనే మాట సులభంగా వస్తుంది. ఆ మాట వచ్చే లోపు మన మాట సిద్ధంగా ఉండాలి.

మనం అడగాల్సినవి

ఈ వేదిక వీసాల గురించీ, పన్నుల గురించీ వినతిపత్రాలు ఇచ్చింది. తిండి గురించి ఇవ్వడం చిన్నతనం కాదు. నా దృష్టిలో అడగాల్సినవి నాలుగు.

1. మిటెన్ పీతను ఆహారంగా అమ్మే ఆలోచన ఎక్కడ మొదలైనా, పరీక్ష గుజ్జుకీ, గుడ్డుకీ, ఉడికిన రసానికీ జరగాలి. కాలి మాంసానికి చేసి సరిపెట్టొద్దు.

2. ఏ నదిలో, ఏ భాగంలో పట్టిన పీతో చెప్పే చీటీ లేకుండా అమ్మకం ఉండకూడదు. ఒక నదికి చేసిన పరీక్ష ఇంకో నదికి చెల్లదు.

3. ఎన్‌హెచ్‌ఎస్ సలహాలో "ఉడికించిన నీళ్ళు" గురించి ఒక్క వాక్యం చేర్చాలి. దాన్ని తెలుగు, తమిళం, బెంగాలీ, చైనా భాషల్లో పెట్టాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

4. ఆహార అలవాట్ల సర్వేల్లో వలస కుటుంబాలు ఏ భాగం తింటాయో అడగాలి. అడగని వాళ్ళు సగటులోకి రారు, సగటులోకి రాని వాళ్ళకి చట్టంలో చోటు ఉండదు.

మనలో డాక్టర్లున్నారు, కెమిస్టులున్నారు, డేటాతో పని చేసే వాళ్ళు కోకొల్లలు. ఈ నాలుగు వాక్యాలని అధికారులకి అర్థమయ్యే భాషలో రాయడానికి ఒక ఆదివారం చాలు. ఒక తెలుగువాడు పైకి వస్తుంటే ఇంకొకడు కాలు పట్టి లాగుతాడని, పీతల బుట్టకి మూత అక్కర్లేదని మన మీద మనమే జోకులేసుకుంటాం. ఈ ఒక్క విషయంలోనైనా, తమిళ, మలయాళ, బెంగాలీ, చైనా సంఘాలతో కలిసి సంతకం పెడితే ఆ జోకు అబద్ధమవుతుంది.

అందాకా నా సలహా సూటిగా: థేమ్స్ పీతను పట్టకండి, ఎవరైనా చాటుగా అమ్మితే కొనకండి. కనిపిస్తే ఫోటో తీసి రికార్డు చేసే వాళ్ళకి పంపండి. పులుసు తినాలనిపిస్తే లైసెన్సు ఉన్న చేపల దుకాణంలో సముద్రపు పీత కొనుక్కోండి. డొప్ప తీసేసి, గుజ్జు, మొప్పలు పారేసి, కాళ్ళూ తెల్ల మాంసమూ మాత్రం పులుసులో వేయండి. రుచి కొంత తగ్గుతుంది, కాదనను. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ మాత్రం తగ్గితే నష్టం లేదు.